ఇంటర్నెట్టుకెక్కిన పాత పటములు

అమెరికాలోని ఎస్రి సంస్థవారు 1990లలో వెలువరించిన ఆర్క్‌వ్యూ 3, సామాన్యమైన కంప్యూటరుపై కూడ చక్కని పటములు గీసిపెట్టినది. ఆ మెప్పు దానికి చెందవలసినదే. కాని ఆ పటములను నేడు ఇంటర్నెట్టులో ప్రకటింపబోవువారికి దానిలోని పెద్ద లోపము బయటపడుచున్నది.

దాని షేప్‌ఫైలు నిజమునకు ఒక ఫైలు కాదు, మూడు. ఒకటి ఆకారములను, ఒకటి వాని సూచికను, ఒకటి వివరముల పట్టికను మోయును. పటములోని అంకెలు ఏ ప్రక్షేపమునకు, ఏ భూప్రమాణమునకు చెందినవో తెలుపు నాలుగవ ఫైలు లేకున్నను చెల్లును! ఆర్క్‌వ్యూ సాధారణముగా దానిని వ్రాయదు. మూరలో గజములో చెప్పక పొడవు చెప్పుట వంటిదిది. గీసినవానికి తెలిసియుండవచ్చును, పటము ఇల్లు దాటిన పిదప ఎవరికి తెలియును?

మన దేశపు పాత సర్వే పటములకు ఆధారము ఎవరెస్టు 1830లో లెక్కకట్టిన భూమి ఆకారము. నేటి వెబ్ పటములు 1984 నాటి ప్రపంచ ప్రమాణమును అనుసరించును. మార్పిడి చేయక ఒకదానిపై నొకటి పరచినచో, ఏటిగట్టున ఉండవలసిన బడి ఏటిలో తేలవచ్చును. చిత్రమేమనగా, తెరపై గీతలన్నియు నిండుగనే కనబడును, తప్పున్నదని తోచదు.

పట్టికలో నిలువు వరుస పేరు పది అక్షరములు దాటరాదను నిబంధన కూడ చిక్కే గాని, ఓర్చుకొనవచ్చును. నాలుగవ ఫైలును క్యూజీఐఎస్ వంటి ఉచిత సాధనముతో నేడైనను చేర్చవచ్చును. అయితే ఏ ప్రమాణమని వ్రాయవలెనో ఆ సాధనము చెప్పజాలదు. పటమును గీసినవారినే అడుగవలెను.