వేషము, వేషధారి: మటియాబుర్జు నుండి ఒక పరిశీలనము

కలకత్తాలో హుగ్లీ నదీతీరమున గార్డెన్ రీచ్ అను ప్రాంతము కలదు. అందలి మటియాబుర్జు అవధ్ చివరి ప్రభువగు వాజిద్ అలీ షాకు ప్రవాసస్థానము. 1856లో రాజ్యము కోల్పోయి వచ్చిన ఆయన, 1857 తిరుగుబాటు కాలమున ఫోర్ట్ విలియంలో నిర్బంధింపబడెను. విడుదలైన పిదప 1887లో మరణించు వరకు ఇచ్చటనే నివసించెను. నాటకమున ఆత్మ రెండుగా చీలుటను గూర్చి విచారించువారికి ఈ పేట చెప్పగల విషయములు కొన్ని కలవు.

యువరాజుగా ఉన్నపుడే వాజిద్ అలీ 'రాధా కన్హయ్యా కా కిస్సా' అను రూపకమును రచించెను. వ్రజభూమి రాసలీలను దర్బారు సంగీతనృత్యములతో మేళవించిన ఈ ప్రక్రియకు రహస్ అని పేరు. కృష్ణవేషమును ఆయనయే ధరించెనని ప్రసిద్ధి. దానిని స్త్రీ ధరించెనని చెప్పు పండితులును కలరు. ఏది నిజమైనను, ముస్లిము ప్రభువు గోపాలుని కథను తన కథగా భావించుటలో ఆనాటి లక్నో వైరుధ్యమును చూడలేదు. సత్యభామ వేషము కట్టిన కూచిపూడి నటుని చూచి మన ప్రేక్షకులు కలవరపడిరా? అట్టిదే ఇదియును.

చీలికను తెచ్చినది పరుల చూపు. నృత్యగీతములయందు ప్రభువునకు గల ఆసక్తిని కంపెనీ అధికారులు పాలనకు అనర్హతగా లెక్కించిరి. ప్రేక్షకుడు న్యాయాధిపతి కాగా ఆట నేరమయ్యెను. మనుష్యుడు తనను తృణీకరించువాని కన్నులతో తన్ను తాను చూచుకొనవలసివచ్చు ఈ దుస్థితినే అమెరికా నల్లజాతి మేధావి డ్యుబాయిస్ 1903 నాటి తన గ్రంథమున 'ద్వంద్వ చైతన్యము'గా వివరించెను.

ఆ భావన రంగస్థలమున అతి తీవ్రరూపము దాల్చినది ఏడ్రియన్ కెనడీ నాటకమున. 1964లో న్యూయార్కున ప్రదర్శింపబడిన 'ఫన్నీహౌస్ ఆఫ్ ఎ నీగ్రో'లో సేరా అను యువతి ఆత్మ నాలుగు పాత్రలుగా విడిపోవును: విక్టోరియా రాణి, హాప్స్‌బర్గ్ డచెస్, ఏసు, కాంగో నాయకుడు పాట్రిస్ లుముంబా. ఒకరి మాటలే మరియొకరి నోట మరల మరల పలుకును. తలవెండ్రుకలు రాలిపోవును. తుదకు సేరా ఉరికి వ్రేలాడుచు కనబడును.

ఇందు విక్టోరియా ఉండుట మనకు ఆలోచనీయము. కుమారుని రాజ్యము కొఱకు మొరపెట్టుకొన 1856లో లండనుకు పయనమైన వాజిద్ అలీ తల్లి, కార్యము నెరవేరక 1858లో పారిసులో మరణించెను. ఆమె సముద్రము దాటి ఆశ్రయింపబోయిన రాణియే సేరాకు తన గదిలో, తనలో ఉన్నది. బయటి ప్రభుత్వము తీసికొన్నది రాజ్యమును. లోపలికి వచ్చిన ప్రభుత్వము తీసికొన్నది ప్రాణమును.

ఐనను పోలికకు హద్దు కలదు. వాజిద్ అలీకి సాలునకు 12 లక్షల రూపాయల భరణము ఉండెను. మటియాబుర్జున చిన్న లక్నోను నిర్మించుకొని, రహస్ ప్రదర్శనలను కొనసాగించి, 'బనీ' అను గ్రంథమున 36 విధముల రహస్‌లను వివరించెను. తనకు నచ్చిన వేషమును ఎన్నుకొని విప్పగల స్వేచ్ఛ ఆయనకు కొంత మిగిలెను. సేరాకు అది లేదు. అంతేగాక, ఆయన అంతఃపురమున ఆఫ్రికా సంతతి స్త్రీలును ఉండిరి. ప్రభువు ఆత్మకథ మనకు దక్కినది. వారి కథ వారి నోట మనకు దక్కలేదు.

కనుక విభక్తాత్మను చిత్రించు నాటకమును చదువునపుడు పాత్ర ఎన్ని ముక్కలైనదని లెక్కించుట చాలదు. ఆ వేషమును తొడిగినది ఎవరి చేయి, విప్పు అధికారము ఎవరిదని కూడ విచారింపవలెను.