తెల్లావుకి ఏడు సిరాలు

సదుం, పుంగనూరు చుట్టుపక్కల ఎటు చూసినా బండలే. ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు ఓ పెద్ద గుండు ముందు పుంగనూరు ఆవును నిలబెట్టి నలుపు-తెలుపులో ఫొటో తీశారనుకోండి. ఇంక్‌జెట్ ప్రింటరుకు అంతకన్నా గట్టి పరీక్ష ఉండదు. బండ సందుల్లో చిక్కటి నలుపు, మూడడుగులు దాటని ఆ తెల్లటి ఒంటి మీద మూపురం కింద కనీకనిపించని నీడ. నలుపు పలికించడం కష్టమని చాలామంది అనుకుంటారు. నన్నడిగితే ఆ తెలుపే కష్టం.

ప్రింటరుకు లేతగా పూయడం రాదు. చుక్క వేస్తుంది, లేదంటే ఖాళీ వదిలేస్తుంది. ఒక్క నల్ల సిరాతో మూపురం నీడ తేవాలంటే చుక్కల్ని దూరదూరంగా చల్లాలి. అప్పుడు ఆవు ఒంటి మీద దుమ్ము పడినట్టుంటుంది. రంగు సిరాలు కలిపి బూడిద తెప్పిస్తే, ఆ బూడిద ట్యూబ్‌లైటు కింద ఒకలా, ఎండలో ఒకలా కనిపించే ప్రమాదం ఉంది. ఎప్సన్ 2005లో తెచ్చిన కె3 సిరాల్లో నలుపుకు తోడు రెండు బూడిదలు చేరాయి. అమెరికాలోని వెర్మాంట్‌లో జాన్ కోన్ ఇంకా దూరం వెళ్లాడు. రంగు కార్ట్రిడ్జ్‌ల చోట ఒక నలుపు, ఆరు బూడిదలు పెట్టి, మొత్తం ఏడు సిరాలతో అచ్చువేసే పియెజోగ్రఫీని నిలబెట్టాడు. ఆ నలుపుకు మూలం కార్బన్. ఆముదపు దీపం మీద పట్టే కాటుకలో ఉన్నదీ అదే. వెలుతురుకు అది అంత తేలిగ్గా వెలిసిపోదు.

సిరాలు నింపాక అసలు పనితనం మొదలవుతుంది. ముందుగా కాగితం ఎంత సిరా తాగగలదో తేల్చుకోవాలి. ఒక హద్దు దాటితే నలుపు ఇంకేమీ చిక్కబడదు, సిరా పాకి సన్నటి గీతలు పూడుకుపోతాయి. ఆ హద్దు దగ్గర ఆగడం తెలియాలి. తర్వాత ప్రతి బూడిదనూ విడిగా అచ్చువేసి, అది నలుపులో ఎన్నో వంతో కొలుస్తారు. రాయ్ హారింగ్టన్ రాసిన క్వాడ్‌టోన్ రిప్ సాఫ్ట్‌వేరుకు ఆ కొలతలు ఇస్తే, ఏ సిరా ఎక్కడ మొదలై ఎక్కడ తగ్గాలో కర్వ్ గీస్తుంది. నేను మనసారా మెచ్చుకునేది ఇక్కడే. లేత బూడిద ఇంకా పూర్తిగా తప్పుకోకముందే ముదురుది లోపలికి వస్తుంది. తొందరపడితే అక్కడ గరుకు తేలుతుంది, ఆలస్యమైతే చార పడుతుంది. కుదిరిన ప్రింటులో ఆ చోటు ఏదో భూతద్దం పెట్టినా దొరకదు.

ఇక తెలుపు నుంచి నలుపు దాకా 21 మెట్ల పట్టీ అచ్చువేసి, బాగా ఆరనిచ్చి, స్పెక్ట్రోఫొటోమీటరుతో కొలవాలి. తడిగా ఉన్నప్పటి అంకెల్ని నమ్మకూడదు. మెట్టుకూ మెట్టుకూ తేడా సమంగా వచ్చేదాకా కర్వ్‌ను సవరిస్తూనే ఉండాలి. ఆవు వీపు మీద ఎండ నేరుగా కొట్టే చోటు మాత్రమే ఉత్త కాగితం. తక్కిన ఒళ్లంతా ఒక్కటి రెండు శాతమైనా సిరా పడాలి. లేకపోతే అక్కడ ఆవు ఉండదు, ఆవు ఆకారంలో బొక్క ఉంటుంది.

ఈ పని చూసినప్పుడల్లా ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్ దయాళ్ గుర్తొస్తారు. ఆయన గాజు నెగెటివ్‌లు 2,857 ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఉన్నాయి. ఆ కాలపు ఆల్బుమెన్ ప్రింట్లలోని గోధుమ వన్నెకు కార్బన్ సిరా సహజంగానే దగ్గర. మరీ గోధుమగా అనిపిస్తే కాస్త నీలి పిగ్మెంటు కలిపి చల్లబరుస్తారు. ఆ నెగెటివ్‌లను ఏడు సిరాల్లో, నూలు కాగితం మీద చూడాలని నా కోరిక. మిలమిలలాడే తెల్లకాగితం మాత్రం వద్దు. దానికా మెరుపునిచ్చే రసాయనం ఏళ్లు గడిచేకొద్దీ బలం కోల్పోతుంది, తెలుపు పసుపుకు తిరుగుతుంది. కాగితం మార్చారంటే పాత కర్వ్ పనికిరాదు. కొత్తది సిరాను ఇంకోలా తాగుతుంది కాబట్టి హద్దు వెతకడం దగ్గర్నుంచి మళ్లీ మొదలుపెట్టాలి.