నీరు వదిలే క్షణం

2024 నవంబరు 9న కృష్ణానదిలో ప్రకాశం బ్యారేజీ ఎగువన, పున్నమి ఘాట్ దగ్గర నీళ్లమీదినుంచి విమానం లేచింది. ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు అందులో శ్రీశైలం వెళ్లారు. గుంటూరులో ఒక టీ కొట్టు టీవీ ముందు నిలబడి చూశాను. లేవకముందు అది నీటితో పడిన పెనుగులాట ఇప్పటికీ నా కళ్లలో ఉంది.

అది కెనడాలో పుట్టిన ట్విన్ ఆటర్. అడుగున రెండు పడవల్లాంటి ఫ్లోట్లు. విమానం నిండు బరువుకన్నా 80 శాతం ఎక్కువను తేల్చగల సత్తా ఆ రెంటికీ కలిపి ఉండాలి. అంత పెద్దవి కనుకే బరువూ, గాలికి అడ్డూ పెరుగుతాయి. అదే విమానం చక్రాలతో ఉన్నప్పటికన్నా నిదానంగా పోతుంది, నిదానంగా పైకెక్కుతుంది, తక్కువ మోస్తుంది.

అసలు కష్టం నీటిది. ఇంజన్లు గట్టిగా లాగగానే ముక్కు లేస్తుంది, ఫ్లోట్లు ముందున్న నీటిని గుట్టగా తోస్తాయి. ఆ గుట్టమీదికెక్కి జారడం మొదలైతేనే వేగం. ఫ్లోటు అడుగున మెట్టులాంటి తెంపు ఉంటుంది, అక్కడ గాలి దూరి వెనక భాగాన్ని విడిపిస్తుంది. అయినా నీరు అద్దంలా ఉంటే ఓ పట్టాన వదలదు. తడి నాపరాయి మీది స్టీలు పళ్లెం నిలువునా లాగితే రాదు. మా అమ్మ ఒక అంచు లేపేది, ఊడొచ్చేది. చిన్న విమానాల పైలట్లూ అంతే, ఒక రెక్క కాస్త ఎత్తి ముందు ఒక ఫ్లోటును విడిపిస్తారు.

ఇక మన ఎండ. కల్లాల్లో మిరపకాయ ఎండే రోజుల్లో గాలి పలచబడుతుంది. రెక్కకు పట్టు, ఇంజనుకు సత్తువ తగ్గుతాయి. సముద్ర మట్టానికి బ్యారేజీ నిండు మట్టం 57 అడుగులైతే శ్రీశైలానిది 885. ఎత్తులోనూ గాలి పలచనే, కనుక ఒకే బరువు, ఒకే ఎండ అయినా అక్కడ నీటిమీద పరుగు ఇంకా పొడుగు. ఇలాంటి సర్వీసు మొదలుపెట్టడం వేరు, నిలపడం వేరు. గుజరాత్‌లో 2020 అక్టోబరు 31న మొదలైన నీటి విమాన సర్వీసు మరుసటి ఏడే ఆగిపోయింది. మనది మొదలైతే నిలవాలి. అందుకు వేసవిలో సీట్లకన్నా ముందు ఎండను లెక్కవేయాలి.

దిగేటప్పుడూ అద్దం నీరే ప్రమాదం. అల లేకపోతే నీరెంత కిందుందో కంటికి అందదు. గట్టువారగా, ముక్కు కొంచెం ఎత్తి, ఒకే నిదానంతో దించుతూ నీరు తగిలేదాకా ఓపిక పట్టాలి. తెల్లవారుజామున సీతానగరం వైపునుంచి చూస్తే కృష్ణ నిలువుటద్దంలా ఉంటుంది. ఇప్పుడక్కడ నిలబడితే జాలరి పడవ కోసం వెతుకుతాను. అది దాటిన దారిలో నీరు సన్నగా చిట్లుతుంది, మట్టం కంటికి తెలుస్తుంది.