ముందు మీటరు, తర్వాతే కోడ్

స్విచ్ ముట్టుకోకుండానే ఎల్ఈడీ వెలుగుతోంది, వైరు దగ్గరికి చెయ్యి తెస్తే రీడింగ్ మారిపోతోంది. ఆర్డుయినో పట్టిన ప్రతివారికీ ఎదురయ్యే చిక్కు ఇది. హైటెక్ సిటీ, గచ్చిబౌలి ఆఫీసుల్లో వారమంతా సాఫ్ట్‌వేర్ రాసి, సెలవు రోజున బ్రెడ్‌బోర్డు ముందు కూర్చునే మిత్రులు నన్ను ఎక్కువగా అడిగేదీ దీని గురించే. అలవాటు కొద్దీ వాళ్లు ముందు కోడ్ తెరుస్తారు. డిలే పెంచుతారు, రీడింగులకు సగటు తీస్తారు. అంకె నిలకడగానే కనిపిస్తుంది. కానీ అది దేన్నీ కొలిచిన అంకె కాదు.

ఊనో బోర్డు మీది ఏటీమెగా328పీ చిప్పులో ఇన్‌పుట్ పిన్ దాదాపు కరెంటు లాగదు. లీకేజీ ఒక మైక్రోఆంపియర్ మించదు. అందుకే దేనికీ కట్టని పిన్ గోడలోని 50 హెర్ట్జ్ వైరింగుకూ, పక్కనున్న చార్జరుకూ, మన వేలికీ కూడా లొంగిపోతుంది. 5 వోల్టుల సప్లై మీద 1.5 లోపు సున్నా, 3 పైన ఒకటి అని డేటాషీట్ హామీ ఇస్తుంది. ఆ రెంటి మధ్య ఏ హామీ లేదు.

మందు చవకే. కోఠి గుజరాతీ గల్లీలో దొరికే 10 కిలోఓముల రెసిస్టరును పిన్ నుంచి గ్రౌండుకు కట్టి, స్విచ్ రెండో కొసను 5 వోల్టులకు కలిపితే చాలు. లేదంటే కోడ్‌లో చిప్ లోపలి పుల్-అప్ ఆన్ చేసి, స్విచ్‌ను గ్రౌండుకు కట్టాలి. అప్పుడు నొక్కితే సున్నా వస్తుంది. ఈఎస్‌పీ32 వాడేవారు ఇంకొంచెం జాగ్రత్తపడాలి. అందులో 34 నుంచి 39 వరకు ఉన్న పిన్నులకు లోపలి పుల్-అప్ లేదు. వైఫై నడుస్తుండగా ఏడీసీ2 పిన్నుల మీద అనలాగ్ రీడింగును నమ్మకూడదు.

సెన్సరుకు వేరే సప్లై ఇచ్చారా? రెండు గ్రౌండులూ కలిశాయో లేదో చూడండి. తర్వాత పిన్‌కూ గ్రౌండుకూ మధ్య మల్టీమీటర్ పెట్టండి. ఊనోలో 2.5 వోల్టులుంటే 0–1023 కొలతలో 512 దగ్గర రావాలి. మీటరూ కోడూ ఒకటే చెబుతూ ఆ అంకె తప్పుగా ఉంటే వైరింగ్ చూడాలి. రెండూ వేర్వేరుగా చెబితే రెఫరెన్స్ వోల్టేజీని, కోడ్‌ను చూడాలి. ప్రోబ్ తగలగానే రీడింగ్ కుదుటపడితే అదీ సాక్ష్యమే. మీటరు లోపల ఉండే మెగాఓముల రెసిస్టెన్సే ఆ పిన్‌కు ఆధారమైందన్నమాట.

ప్రోగ్రాములో వేరియబుల్‌కు మొదటి విలువ మనమే ఇస్తాం. సర్క్యూట్‌లో ఆ పని రెసిస్టరుది. ఈ చిన్న తేడా పట్టుబడ్డ రోజే సాఫ్ట్‌వేర్ మనిషి హార్డ్‌వేర్ మనిషి అవుతాడని నా నమ్మకం. ప్రోటోటైపులు తయారుచేసుకోవడానికి రాయదుర్గంలో 2023 నుంచి టీ-వర్క్స్ ఉంది. అలాంటి చోట పెద్ద యంత్రాల దగ్గరికి వెళ్లేలోపే ఈ ఓపిక అలవడాలి.

వింత రీడింగును సగటు కింద దాచేయకండి. ప్రతి ఇన్‌పుట్ దగ్గరా ఒక్క ప్రశ్న వేయండి: స్విచ్ వదిలేసినప్పుడు ఈ పిన్‌ను పట్టుకుని ఉన్నది ఏది? జవాబు దొరికాకే కోడ్ తెరవండి.