అరిగిన వలయము చెప్పిన లెక్క

యంత్రము చెడుటకు ముందు చాలమారులు ఏదో ఒక గుర్తు చూపును: వేడి, అదురు, అరుగుదల. ఆ గుర్తులను కొలిచి వ్రాసియుంచుట ఒక పని. వాటి అర్థమును గ్రహించుట వేరొక పని. ఈ రెండింటి నడుమ గల దూరమును చూపిన రచనలలో భౌతిక శాస్త్రజ్ఞుడు రిచర్డ్ ఫైన్‌మన్ 1986లో వ్రాసిన చిన్న అనుబంధము ముఖ్యమైనది.

ఆ యేడు జనవరి 28న చాలెంజర్ అను అమెరికా వ్యోమనౌక బయలుదేరిన 73 సెకండ్లకు విచ్ఛిన్నమైనది. అందులోని ఏడుగురును మరణించినారు. బూస్టరు రాకెట్టు అతుకులోని రబ్బరు వలయము వేడి వాయువులను ఆపలేకపోవుటయే కారణము. విచారణ సంఘములో సభ్యులైన ఫైన్‌మన్ తమ అనుబంధమును ఒక ప్రశ్నతో ఆరంభించినారు: నౌక నశించు సంభావ్యత ఎంత? పనిచేయు ఇంజనీర్లు నూటికి ఒకటి అన్నారు. అధికారులు లక్షకు ఒకటి అన్నారు. లక్షకు ఒకటి యనగా, దినమున కొక నౌక చొప్పున దాదాపు 300 సంవత్సరములు పంపినను ఒక్కటి మాత్రమే నష్టపోవలెను. విద్యార్థులు లక్షను 365చే భాగించి చూచిన 274 వచ్చును.

రచనలో మిక్కిలి విలువైనది వలయములను గూర్చిన భాగము. పూర్వపు ప్రయాణములు కొన్నింటిలో వలయములు కాలి తరిగినవి. తరుగుదల వ్యాసార్ధములో మూడవ వంతే గనుక భద్రతా గుణకము మూడని అధికారులు తృప్తి పడినారు. ఇది తప్పని ఫైన్‌మన్ వాదన. అనుకొన్న బరువును మించి మోసియు ఏ హానియు లేకున్ననే ఆ మాట చెల్లును. వలయము అసలే తరుగరాదని ఏర్పాటు. తరిగినదనగా తెలియని కారణమేదో పనిచేయుచున్నది. నిన్న ఏరు దాటితిమి గనుక నేడును దాటగలమనుట లెక్క కాదు. నౌకలోని కంప్యూటర్ కార్యక్రమములను పరీక్షించినవారి శ్రద్ధను మెచ్చుకొనుట ఈ విమర్శకు న్యాయము చేకూర్చినది.

అయితే ఒక కొరత కలదు. తప్పు లెక్కను ఖండించినంత గట్టిగ సరియైన లెక్కను ఈ రచన చూపలేదు. అందుకు కావలసిన అంకెలు ప్రధాన నివేదికలోనే యున్నవి. అతుకు ఉష్ణోగ్రత 66 ఫారన్‌హీట్ డిగ్రీలు గాని అంతకు మించి గాని యున్న 20 ప్రయాణములలో మూడింట మాత్రమే వలయములు దెబ్బతిన్నవి; 63 డిగ్రీలు గాని అంతకు తక్కువ గాని యున్న నాలుగింటను నాలుగును దెబ్బతిన్నవి. ప్రయోగమునకు ముందు రాత్రి చర్చలో దెబ్బతిన్న ప్రయాణములనే పోల్చి చూచినారు. వాటిలో చలికి సంబంధము కానరాలేదు. దెబ్బతినని వాటిని చేర్చినచో స్పష్టముగ కనుపించును. ప్రయోగ సమయమున గాలి ఉష్ణోగ్రత 36 డిగ్రీలు.

ఈ నౌకల ప్రయాణములు 2011లో ముగిసినవి. మొత్తము 135లో రెండు నౌకలు నశించినవి. రెండవది 2003లో కొలంబియా. అనగా దాదాపు 68కి ఒకటి. రెండు సంఘటనల నుండి కచ్చితమైన సంభావ్యత తేలదు గాని, లక్షకు ఒకటి అను మాట మాత్రము నిలువదు.

ఉపాధ్యాయులు పై నాలుగు అంకెలను నల్లబల్లపై వ్రాసి ఈ అనుబంధమును బోధించిన, కొరత తీరును. క్షేమముగ తిరిగి వచ్చిన యంత్రమును కూడ విప్పి చూడవలెను. చెడినదానితోపాటు చెడనిదానిని కూడ లెక్కలో చేర్చవలెను.