నోటి పాటకు హక్కుదారు ఎవరు? – కాపీరైటు, రాయలసీమ మౌఖిక సాహిత్యం

1. ఉపోద్ఘాతం

కాపీరైటును గురించిన చర్చ మన సాహిత్యరంగంలో సాధారణంగా అచ్చుపుస్తకం చుట్టూ సాగుతుంది. రచయిత, ప్రచురణకర్త, వారసులు అందులో ప్రధాన పక్షాలు. కర్నూలు, కడప ప్రాంతాల సాహిత్యచరిత్రను పరిశీలిస్తే మరొక పక్షం కనిపిస్తుంది. పాటను, పద్యాన్ని తరతరాలుగా నోట నిలుపుకొని వచ్చినవారే ఆ పక్షం. భద్రపరిచే సాధనం మారిన ప్రతిసారీ గుర్తింపు ఆ సాధనం చేతిలో ఉన్నవారికే ఎక్కువగా దక్కింది. ఈ లోపాన్ని సరిదిద్దే అవకాశం ప్రస్తుత చట్టంలో కొంత ఉందని, దానిని ఆచరణలో పెట్టవలసిన తొలి బాధ్యత పరిశోధకులదని ప్రతిపాదించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. ఆకు నుంచి అచ్చుకు

1710లో ఇంగ్లండులో అమలులోకి వచ్చిన తొలి కాపీరైటు చట్టం తన లక్ష్యాన్ని విద్యాభివృద్ధిగా చెప్పుకొంది. కొత్త పుస్తకానికి 14 ఏళ్ల హక్కునిచ్చి, అప్పటికి రచయిత జీవించి ఉంటే మరో 14 ఏళ్లు పొడిగించింది. అంటే హక్కు సాధనం, జ్ఞానవ్యాప్తి సాధ్యం. భారతదేశపు 1957 చట్టం ప్రకారం నేడు సాహిత్యరచనకు రచయిత జీవితకాలమూ, మరణానంతరం 60 ఏళ్లూ రక్షణ ఉంది.

1820లో ఉద్యోగరీత్యా కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్ తరువాత వేమన పద్యాల రాతప్రతులను సేకరించి, 1829లో ఆంగ్లానువాదంతో ప్రచురించాడు. కడపలో పండితులకు జీతాలిచ్చి గ్రంథపరిష్కరణ చేయించాడు. ఆ కృషి విలువను తగ్గించలేము. వేమనకు ఏ చట్టమూ హక్కు ఇవ్వకపోయినా ఆయన పేరు చెదరలేదు. పద్యం చివర మకుటం ఉండటమే దానికి కారణం. ఆ పద్యాలను కంఠస్థం చేసి బ్రౌన్ కాలం దాకా చేర్చినవారికి మాత్రం మకుటం లేదు.

3. రేనాటి పాట

1847లో కోవెలకుంట్లలో ఉరితీయబడిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి వీరగాథ రేనాటి జనం పాటల్లో నిలిచింది. ఆ పాటను తొలుత కట్టినవారి పేరు మనకు దక్కలేదు. కాబట్టి మూలపాట అందరిదీ. దానిని సేకరించి, పీఠిక రాసి ప్రచురించిన పండితునికి తన గ్రంథంపై హక్కు ఉంది. ధ్వనిముద్రణ చేసిన సంస్థకు ఆ ముద్రణపై హక్కు ఉంది. పాడిన గొంతు స్థానం ఏమిటన్నదే ప్రశ్న.

1994 సవరణ ఈ ప్రశ్నకు పాక్షికంగా సమాధానమిచ్చింది. గాయకులు, నర్తకులతోపాటు గారడీవారిని, పాములాడించేవారిని కూడా చట్టం 'ప్రదర్శకులు'గా గుర్తించింది. ప్రదర్శన జరిగిన ఏడాది తరువాత 50 ఏళ్లపాటు ఈ హక్కు నిలుస్తుంది. 2012 సవరణ ప్రదర్శకునిగా తన పేరు చెప్పుకొనే నైతికహక్కును చేర్చింది. పాటపై హక్కులేని జానపద గాయనికి తాను పాడిన తీరుపై హక్కు ఉందన్నమాట.

4. పరిశోధకుని బాధ్యత

నిజాయితీగల బోధన, పరిశోధనల కోసమే చేసే ధ్వనిముద్రణకు 39వ సెక్షన్ మినహాయింపునిస్తుంది. దానిని యూట్యూబులో అందరికీ అందుబాటులో ఉంచడం వేరు విషయం. క్షేత్రపర్యటనలో మనం ఈ తేడాను పాటిస్తున్నామా? వక్తల వివరాలు అనుబంధంలో ఒక పట్టికగా మిగులుతాయి. విశ్లేషణలో "ఒక వృద్ధురాలు పాడిన పాట" అని రాస్తాం. ఈ వ్యాసకర్త పరిశోధన కూడా ఈ లోపానికి అతీతం కాదు. అనుమతి అడిగినప్పుడు అది రికార్డు చేయడానికే. ఎక్కడ ఉంచుతానో చెప్పలేదు.

సిద్ధాంతగ్రంథాలు శోధగంగలో చేరుతున్న కాలంలో ఈ అలవాటు ప్రమాదకరం. కృత్రిమ మేధ నమూనాలు అంతర్జాలంలోని పాఠాన్ని, ధ్వనిని శిక్షణకు వాడుకుంటున్నాయి. ఓపెన్ఏఐపై ఏఎన్ఐ వార్తాసంస్థ 2024లో ఢిల్లీ హైకోర్టులో వేసిన దావా ఇందుకు సంబంధించినదే. వార్తాసంస్థ కోర్టుకు వెళ్లగలదు. పేరే నమోదు కాని గాయని ఏ ఆధారంతో వెళ్తుంది? రేపు ప్రతిఫలం పంచే ఏర్పాటు వచ్చినా, అది పేరున్నవారికే చేరుతుంది.

జానపదం ఉమ్మడి సొత్తు, దానికి హక్కుల కంచె వేస్తే పాటే ఆగిపోతుందన్న అభ్యంతరంలో సత్యం ఉంది. పాట ఊరిది, ఒకరి పేర రాసివ్వడం తగదు. అయితే పేరు చెప్పడం కంచె కాదు. వేమన మకుటం ఆ పద్యాల వ్యాప్తిని ఏనాడూ అడ్డుకోలేదు.

5. ముగింపు

కాపీరైటు భవిష్యత్తును గడువు పొడిగింపుతో కొలవలేము. ఎవరి శ్రమ నమోదవుతుందన్నదే అసలు కొలమానం. ప్రతి ధ్వనిముద్రణకు గాయకుల పేరు, ఊరు, తేదీ, ఏ వినియోగానికి సమ్మతించారన్న వివరం జతచేయాలి. పేరు వెల్లడి వద్దన్నవారి మాటను మన్నించాలి. ప్రచురితమైన పాఠం ఒక ప్రతిని వారి ఇంటికి చేర్చాలి. పర్యవేక్షకులు వీటిని పరిశోధనపద్ధతిలో భాగంగా అడగాలి. దీనికి కొత్త చట్టం అవసరం లేదు. నోటి పాటకు మకుటం చేర్చే పని మన క్షేత్రపుస్తకం మొదటి పుటలోనే మొదలుకావాలి.