పాత బుల్లెట్టునకు క్రొత్త కాయిలు

1955లో మదరాసునందు స్థాపితమైన ఎన్‌ఫీల్డ్ ఇండియా వారు, ఇంగ్లండునందలి రెడిచ్ పట్టణమునుండి వచ్చిన నమూనా ననుసరించి, తిరువొత్తియూరు కర్మాగారమున దశాబ్దములపాటు తయారుచేసిన పోతయినుము ఇంజను బుల్లెట్టు బండ్లు నేటికిని మన పల్లెబాటలమీదను పట్టణవీథులలోను తిరుగుచునే యున్నవి. వానిలో పిస్టను మారినవి, కార్బురేటరు మారినవి, చివరకు చట్రము తప్ప తక్కినదంతయు మారినవియు కలవు. ఇట్టి మార్పులు యజమాని కంటికో చెవికో తెలియకపోవు. పెట్రోలు టాంకు క్రింద చీకటిలో బిగింపబడియుండు కాయిలు సంగతి మాత్రము, అది పనిచేసినన్నాళ్లు ఎవరికిని పట్టదు. నడివేసవి మధ్యాహ్నమున, ఊరికి ఊరికి నడుమ, బండి నిలిచిపోయిననాడే దానిపేరు మొదటిసారి వినవచ్చును. అప్పటికి కర్మాగారపు అసలు కాయిలు దొరకుట దుర్లభమై యుండును. కనుక మరియొకరు చేసిన కాయిలును తెచ్చి, ఆ పాత బండికి పొసగునట్లు అమర్చుట మన మెకానికు షెడ్డులలో ఒక విద్యగ పెంపొందినది. ఆ విద్యయొక్క ప్రాణము బలమైన కాయిలును తెచ్చుటలో లేదు, తగిన కాయిలును ఎన్నుటలో నున్నది.

కాయిలు చేయు పని వినుటకే చమత్కారముగ నుండును. పలుచని ఇనుపరేకుల కట్ట చుట్టును రెండు రాగితీగల చుట్లుండును: లావుతీగ చుట్లు కొన్ని వందలు, అతిసన్నని తీగ చుట్లు వేలకొలది. ఇంజను తిరుగుడుతో మూసికొనుచు విడివడుచుండు లోహపు మొనల జతకు పాయింట్లని పేరు; అవి మూసికొనియున్నంతసేపు బ్యాటరీ విద్యుత్తు లావుతీగలో పారి, ఇనుపకట్టలో అయస్కాంతశక్తి సంచితమగును. పాయింట్లు విడివడిన క్షణమున ఆ ప్రవాహము తెగి, అయస్కాంతక్షేత్రము కూలి, లావుతీగలోనే రెండుమూడు వందల వోల్టులు లేచి, సన్నతీగలో అది ఇంచుమించు నూరింతలై, ప్లగ్గు మొనల నడుమ నిప్పురవ్వగ దూకును. నిండుగ పారుచున్న కాలువకు హఠాత్తుగ తలుపు దించినచో నీరు గట్టు దాటి ఎగసినట్టిదే ఈ ఉద్రేకము. పాయింట్ల ప్రక్కనుండు కండెన్సరు పని ఆ తెగుట చప్పున జరుగునట్లు చూచుట. అది లేనిచో పాయింట్ల నడుమనే మంట పుట్టి, ప్లగ్గునకు పోవలసిన శక్తి అక్కడనే వ్యయమైపోవును.

1831లో ఫారడే కనుగొన్న ప్రేరణసూత్రమును ఇట్టి చుట్టగ 1836లో రూపొందించినవాడు ఐర్లండునందలి మేనూత్ విద్యాలయములో ఆచార్యుడును, మతగురువును అయిన నికొలస్ కాలన్. పారిసునగరపు పరికరశిల్పి రూమ్‌కోర్ఫ్ తన చేతినేర్పుతో ఆ చుట్టకు మెరుగులు దిద్ది, 1864లో మూడవ నెపోలియను చక్రవర్తి యిచ్చిన 50,000 ఫ్రాంకుల బహుమానము నందెను. చుట్టకు లోకమున అతని పేరే నిలిచినది, గురువుగారి పేరు మఱుగుపడినది. అమెరికాలో చార్లెస్ కెటరింగ్ దానిని బ్యాటరీతోను పాయింట్లతోను జతపరచి మోటారుకారునకు అలవరచినది 1910 ప్రాంతమున. మన బుల్లెట్టులోనిది ఆ ఏర్పాటే.

ఇక కాయిలు నెన్నుకొనుట. అంగడివాడు పెట్టెమీది బొమ్మను చూపును, ఎర్రరంగు నీలిరంగు చూపును, 40,000 వోల్టులని అచ్చువేసిన అంకె చూపును. వీనిలో ఏదియు చూడవలసినది కాదు. చూడవలసినది లావుతీగచుట్ట నిరోధము, అనగా ఓముల లెక్క. తొలినాటి బుల్లెట్టులు 6 వోల్టులవి, తరువాతివి 12 వోల్టులవి. 6 వోల్టుల బండి కాయిలు ఇంచుమించు ఒకటిన్నర ఓము నిరోధము కలది, అందులో పారునది 4 ఆంపియర్లు. 12 వోల్టుల బండి కాయిలు మూడు నాలుగు ఓములు, అందును పారునది మూడు నాలుగు ఆంపియర్లే. పాయింట్ల మొనలు చిరకాలము సహింపగలిగినది ఆ మాత్రమే కనుక, ఏ వోల్టుల బండియైనను ప్రవాహము ఆ హద్దులోనే యుండునట్లు నిర్మాతలు చూచిరి. 12 వోల్టుల కాయిలును 6 వోల్టుల బండికి తగిలించినచో ప్రవాహము సగమగును. అయస్కాంతమున నిలువయగు శక్తి ప్రవాహపు వర్గము ననుసరించునది కనుక స్పార్కు బలము నాల్గవ వంతునకు పడిపోవును. అట్టి బండి ఉదయము చలిలో కిక్కు మీద కిక్కు కొట్టించుకొని, ఎట్టకేలకు లేచి, ఎక్కుడుదారిలో దగ్గును. తద్విరుద్ధముగ ఒకటిన్నర ఓముల కాయిలును 12 వోల్టుల బండికి తగిలించినచో 8 ఆంపియర్లు పారి, మొదట రెండుదినములు యజమాని మురిసిపోవునట్లు నడిచి, తరువాత పాయింట్లు నీలవర్ణమునకు తిరిగి, కాయిలు చేయి పెట్టరాని వేడెక్కి, ఒకనాడు రెండును కలిసి చచ్చును.

విజయవాడ ఆటోనగరునందు గాని, మదరాసు పుదుప్పేటలో గాని, ఢిల్లీ కరోల్‌బాగులో గాని పాత సామానుల గుట్టలలో వెదకువారికి ఈ లెక్క మరింత అవసరము. అక్కడ దొరకు కారు కాయిలులలో రెండు జాతులు కలవు; పైకి రెండును ఒకే అల్యూమినియపు డబ్బాలు, రెండింటిమీదను 12 వోల్టులనియే యుండును. ఒకటి మూడు ఓములది, నేరుగ తగిలింపదగినది. రెండవది ఒకటిన్నర ఓముల ప్రాంతమునది; కారులో దానికి ముందొక నిరోధకము బంధింపబడి వోల్టులను తగ్గించుచుండును, ఆ నిరోధకము కారుతోనే పోయి కాయిలు మాత్రము అంగడికి వచ్చినది. దీనిని నేరుగ 12 వోల్టుల బుల్లెట్టునకు పెట్టుట మీద చెప్పిన 8 ఆంపియర్ల ఆపదను కొనితెచ్చుకొనుటయే. అయితే అదే కాయిలు, పైనున్న అంకె ఎట్లున్నను, 6 వోల్టుల బండికి చక్కగ పొసగును! ఈ సూక్ష్మమెరిగిన మెకానికు చీటీని చదువడు, మీటరు తీయును. తీసి, మొదట మీటరు తీగలు రెంటిని ఒకదానికొకటి తాకించి వాని సొంత నిరోధమెంతో చూచి, దానిని మినహాయించి గాని కాయిలు లెక్క చెప్పడు. ఒకటి, మూడు ఓములను కొలుచునప్పుడు తీగలలోని అర ఓమైనను అబద్ధము పలికింపగలదు.

కాయిలును మార్చుటకు పూర్వము దోషము దానిదేనా యని తేల్చుకొనుట అంతకంటె పెద్ద పని. అనుభవశాలి వేయు మొదటి ప్రశ్న ఇది: "బండి వేడెక్కినాకే ఆగుతోందా, చల్లారితే మళ్ళీ లేస్తోందా అన్నా?" అవునన్నచో అనుమానము కాయిలుమీదకు పోవును, ఏలయన లోపలి తీగల పూత చిట్లినచోట చల్లగనున్నప్పుడు చుట్లు దూరముగ నుండి, వేడిమికి వ్యాకోచించి తాకుచుండును. కాని కండెన్సరునకును ఇదే లక్షణము కలదు. అందులకే అతడు పాయింట్ల ముఖము చూచును. పాయింట్లు బూడిదవన్నెలో నున్నచో క్షేమము, నల్లబారి మసియైనచో కండెన్సరు, ఒక మొనమీద గుంటయు ఎదుటి మొనమీద గుట్టయు లేచినచో కండెన్సరు విలువ సరిపడుటలేదని అర్థము. ఐదవపాలు మైక్రోఫారడు ప్రాంతపు చిన్నవస్తువు, అత్యల్పవ్యయము కలది. దానిని మార్చక కాయిలుకై పరుగెత్తుట తొందరపాటు.

బుల్లెట్టునందు ఇందుకొక వరమున్నది, అది హెడ్‌లైటు తొడుగుమీది ఆంపియరు మీటరు. తాళము తిప్పి, కిక్కురాడును మెల్లగ త్రొక్కుచు పోయినచో, పాయింట్లు మూసికొనినప్పుడు ముల్లు ఎడమకు వాలును, విడివడినప్పుడు నడిమికి వచ్చును. ముల్లు నడిమికి రాగానే డీకంప్రెసరు మీట పట్టి పిస్టనును కొంచెము దాటించి కిక్కు కొట్టుట బుల్లెట్టు తెలిసినవారందరికి అలవాటే. అదే ముల్లు కాయిలు ఆరోగ్యమును చెప్పునని తెలిసినవారు తక్కువ. పాయింట్లు మూసినపుడు మూడు నాలుగు ఆంపియర్లవరకు వాలినచో లావుతీగచుట్ట సరిగనున్నది. వాలనే వాలనిచో తీగ తెగినదో పాయింట్లకు మురికి పట్టినదో. ఎనిమిది దాటినచో తగని కాయిలు కూర్చున్నది. తాళము వేసియుంచి, పాయింట్లు మూసికొనియుండగ బండిని నిలిపి టీ త్రాగబోవువారు తెలియకయే కాయిలును కాల్చుకొనుచున్నారు.

మరియొక దొంగ కలడు: పాత తీగలు. బ్యాటరీయొద్ద 12 వోల్టులుండి, తాళముపెట్టె గుండను తుప్పుపట్టిన సంధుల గుండను పోయి కాయిలును చేరునప్పటికి 10 వోల్టులే మిగిలినచో, శక్తిలో పదింట మూడువంతులు దారిలోనే పోయినట్లు. "కరెంటు ఉంది గాని దమ్ము లేదు" అని షెడ్డులలో అనుమాట యిట్టిచోటనే సార్థకము. పాయింట్లు మూసియుండగ కాయిలు మొనయొద్ద వోల్టులు కొలిచి, అర వోల్టునకు మించి నష్టమున్నచో తీగలు మార్చుటయో, చిన్న రిలే నొకటి నడుమ పెట్టి బ్యాటరీనుండి నేరుగ తీగ తెచ్చుటయో చేయవలెను. క్రొత్త కాయిలు కొనవచ్చి, నాలుగు అడుగుల తీగతో సంతసించి మరలినవారిని నేనెరుగుదును.

అమర్పు కాయిలును బట్టి మారును. నూనె నింపిన డబ్బా కాయిలైనచో పట్టీని అతిగ బిగింపరాదు. డబ్బా నొక్కుకొనిపోయినచో లోపలి చుట్లకు తాకి నాశమగును. జిగురు పోసి గడ్డకట్టించిన నేటి కాయిలులు అదురును బాగుగ సహించునుగాని, వానికిని సిలిండరు తలకు ఎడముగ గాలి సోకుచోటు కావలెను. చట్రమునకును పట్టీకిని నడుమ రబ్బరు ముక్క పెట్టుట మంచిది. ఏ మొనకు ఏ తీగ యన్నది తేలికగ తీసికొనరాదు. ఋణధ్రువము చట్రమునకు తగిలిన బండిలో కాయిలు ధనమొన తాళమునుండి వచ్చు తీగకును, ఋణమొన పాయింట్లకును పోవలెను. పాత ఇంగ్లీషు పద్ధతిని ధనధ్రువము చట్రమునకు తగిలిన బండిలో ఇది తలక్రిందులగును. తప్పుగ తగిలించినను బండి నడచును, అదే చిక్కు. ప్లగ్గు నడిమి మొన మిక్కిలి వేడియైనది, వేడిమొననుండి ఎలక్ట్రానులు సులువుగ వెలువడును, కనుక అది ఋణముగ నుండుట మేలు. తారుమారైనచో స్పార్కునకు అధిక వోల్టులు కావలసివచ్చి, ఆ లోపము చలిలోను ఎక్కుడులోను బయటపడును. పాత మెకానికులు దీనిని పెన్సిలుతో పరీక్షింతురు: ప్లగ్గుతీగను ప్లగ్గు మొననుండి కొంచెము ఎడముగ, రక్షణ గల పటకారుతో పట్టి, నడుమ పెన్సిలు గ్రాఫైటు మొనను ఉంచినపుడు మంట పెన్సిలునకు ప్లగ్గువైపున విచ్చుకొన్నచో తీగలు సరిగనున్నవి.

కాయిలు మార్చినపిమ్మట పాయింట్ల యెడమును టైమింగును చూడకయే టాంకు బిగించుట సగము పని. యెడము 0.35 నుండి 0.40 మిల్లీమీటర్లు, పిస్టను పైకొనకు 0.8 మిల్లీమీటర్లు ఇవతలనుండగ పాయింట్లు విడివడనారంభింపవలెను. సిగరెట్టు కాగితపు తునకను పాయింట్ల నడుమ చొప్పించి మెల్లగ లాగుచు, అది పట్టు వదలిన క్షణమును గుర్తించుట పూర్వుల పద్ధతి. ఖరీదైన దీపములు వచ్చినను, బండి చెడినచోట బాటప్రక్కన ఈ కాగితమే అక్కరకు వచ్చునని నా నమ్మకము.

40,000 వోల్టుల సంగతి మిగిలినది. ప్లగ్గు మొనల నడుమ గాలిని ఛేదించుటకు ఎంత కావలెనో అంతవరకే వోల్టులు లేచును. అక్కడ రవ్వ దూకినదన్నచో, ఆపై లేచుట లేదు. బుల్లెట్టువంటి తక్కువ ఒత్తిడి ఇంజనులో, సరియైన యెడము గల ప్లగ్గునకు, సామాన్యపు కాయిలే అవసరమునకు మించి ఈయగలదు. అదియుగాక ఈ ఇంజను నిమిషమునకు 3,000 తిరుగుళ్లు తిరుగునపుడు స్పార్కులు సెకనునకు 25 మాత్రమే; రెండింటి నడుమ 40 మిల్లీసెకనులు, అందు అధికభాగము పాయింట్లు మూసికొనియే యుండును, కాయిలు నిండుటకు పది పదునైదు చాలును. నాలుగు సిలిండర్ల పరుగుపందెపు బండికి కావలసిన అల్పనిరోధపు కాయిలును తెచ్చి ఈ నిదానపు గుండెకు తగిలించుట డాంబికమే.

ఎలక్ట్రానిక్ పెట్టెలు పెట్టుకొన్నవారికి పాయింట్ల బాధ లేదు; వారిని తప్పుపట్టలేము. అయినను ఆ పెట్టెకును తనకు తగిన ఓముల కాయిలే కావలెను, దానితో వచ్చిన కాగితమును చదివి గాని పాత కాయిలును దానికి తగిలింపరాదు. పాయింట్లతోనే సాగువారు, క్రొత్త కాయిలు పెట్టి అరగంట ఎండలో నడిపి, నిలిపి, దానిమీద చేయి వేసి చూడవలెను. చేయి నిలుచునంత వెచ్చదనమైనచో పని కుదిరినది. పాయింట్లును క్రొత్తవి వేసియున్నచో వాని మడమ తొలిదినములలో అరుగును, యెడము తగ్గును. కొన్ని వందల కిలోమీటర్ల పిమ్మట మరల ఒకసారి మూత తీసి, గేజి దూర్చి, మడమకు చిటికెడు గ్రీజు పట్టింపవలెను.